బొట్టు ఇక్కడ పెట్టండి

మొన్న మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. దాంతో వచ్చిన పుస్తకం మిక్సీకన్నా బరువు. అందులోని జాగ్రత్తలన్నీ చదివేసరికి నానబెట్టిన పెసలు మొలకెత్తి రెండాకులు వేశాయి. నమ్మకపోతే మానండి. విసిగి పుస్తకం మూసేసరికి వడమాలపేటలో మా మామ గ్రైండర్లు తయారుచేసే షెడ్డు, తడి రాతిపొడి వాసనతో సహా, గుర్తొచ్చింది.

తొంభైల నాటి మాట. ఆ గ్రైండర్లో రుబ్బిన పిండితో వేసిన ఇడ్లీలు మూత నెత్తిన పెట్టుకుని పైకి లేచేవి. కానీ ఆయుధపూజ దాటిందంటే చాలు, మోటారు కాలిపోయిందంటూ జనం వాటిని మోసుకొచ్చేవారు. ఇంటికొచ్చిన లక్ష్మి కదా అని పూజనాడు గ్రైండరు ఒళ్లంతా పసుపు మెత్తేవారు. మోటారుకు గాలి తగిలే చిల్లులు కాస్తా పూడిపోయేవి. ఇంకో పండగ ఇట్లాగే గడిస్తే షెడ్డుకు తాళమేనన్నాడు మామ. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను పిలిచి, వాడే విధానం రాసిపెట్టమన్నాడు.

రాశాను. రుబ్బురోలు పుట్టుక నుంచి ఎత్తుకున్నాను. సరిచూద్దామని మా అత్త గ్రైండరు ముందు కూర్చుంది. నేను చదువుతుంటే చెప్పినట్టే చేస్తానంది. నేనింకా రోటి మహిమ దగ్గరే ఉండగా, ఆమె బియ్యం పోసి, నీళ్లు చల్లి, స్విచ్చి వేసేసింది.

"యాడుండావప్పా? నా పిండి నలిగిపాయ, నీ కత ఇంగా మొదులు కాలేదే!"

"వాని రాతకన్నా ఆ రాయే తొందరగా తిరగతా ఉండాది" అని మామ వంత పాడాడు.

"సెయ్యి ముందే సేసిన పనికి మాటెందుకు? కొట్టెయ్" అంది అత్త. కొట్టేస్తూ పోగా చివరికి ఒకటే మిగిలింది: మోటారుకు పసుపు పూయరాదు. దానికీ ఆమె ఒప్పుకోలేదు. "పండగపూట పసుపు వద్దంటే ఎవురింటారు? యాడ పెట్టాల్నో సెప్పు."

నేను గ్రైండరు ముందు రేకు మీద, మోటారుకు దూరంగా, రూపాయి బిళ్లంత గుండ్రం గీసి, కింద రాశాను: బొట్టు ఇక్కడ పెట్టండి. ఆ ఏడు అన్నింటికీ అదే అచ్చు వేయించాం.

పండగ వెళ్లింది. షెడ్డు ముందు బస్సు ఆగినప్పుడల్లా మామ గుండె కూడా ఆగేది. ఒకరోజు కార్వేటినగరం ఆసామి ఒకాయన గ్రైండరు మోసుకుని దిగాడు. మామ స్పానర్లు తీశాడు.

"ఇది బాగానే ఉండాదబ్బా. మా పాప కాపరానికి ఇంగోటి కావాల. ఇదే గుండ్రం ఉండాలని సూపిద్దామని తెస్తి."

ఆ కాలపు గ్రైండరు ఒకటి ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏటేటా పెట్టిన బొట్టు మాత్రం గుండ్రంలో అట్టకట్టింది. కాలమూ మా అత్తలాంటిదే: నేను రాసిందంతా కొట్టేసి, చెయ్యి వెతుక్కునే చోటు ఒక్కటి ఉంచింది.