తిరుపతి స్టేజీ మీద నా పంచ

మొన్న తిరుపతిలో నా మానం పోయింది. పోతే పోయింది, దాని పుణ్యమా అని మా ఇంట్లో రెండు మగ్గాలు మిగిలాయి! నవ్వడం ఆపి ముందు టీ తాగండి, మొదట్నించీ చెప్తా. వాట్సాప్‌లో మీరందరూ చూసింది ఇరవై సెకన్ల ముక్కే. అసలు కథ ఆ వీడియోలో లేదు.

మాది నగరి అని మీకు తెలిసిందే. ఇంటి వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాలు. నేసేది నాయన, తిరిగి అమ్ముకొచ్చేది నేను. అమ్మడంలో నాకు మించిన మాటకారి జిల్లాలో లేడని నా అభిప్రాయం. ఇంట్లో ఇంకెవరికీ ఆ అభిప్రాయం లేదనుకోండి, అది వేరే సంగతి. రెండు నెలలుగా తెల్ల పంచలకు గిరాకీ లేక రెండు మగ్గాలు ఆగిపోయాయి. తిరుపతిలో బట్టల మేళా పెడుతున్నారు, పెద్ద పెద్ద కొట్ల వాళ్లు వస్తారు, స్టేజీ ఎక్కి మన సరుకు చూపించుకోవచ్చు అని నేను చెబితే నాయన ఒకటే మాట అన్నాడు.

"పోయిరాప్పా. ఆర్డరు వచ్చిందా, సరే. రాలేదంటే సోమవారం పాత ఇనుము వాణ్ని పిలిపిస్తా. తిరగని మగ్గాన్ని దినామూ చూస్తా కూర్చోలేను."

నేను ఆ మగ్గాల చప్పుడు వింటూ పుట్టినోణ్ని. వాటిని తూకానికి వేస్తే నేను చూడగలనా? అందుకే నాయన ముందు ఛాతీ విరిచి, "ఆర్డరు తెచ్చేది నా పూచీ" అన్నాను. ఆ విరుపులోనే అంతా చెడింది.

బయల్దేరేటప్పుడు నాయన ఒక గళ్ల గుడ్డ తెచ్చి, "దీన్ని గూడా సంచిలో పెట్టుకో" అన్నాడు. మీకు ఆ గళ్ల సంగతి చెప్పాలి. రెండేళ్ల క్రితం ఆయనే సొంతంగా రంగులు ఎంచి వేసిన డిజైను. వంకాయ రంగు మీద ఆవపిండి రంగు, ఒక్కో గడి అరచేతంత. లుంగీలకని నేశాడు. ఒక్కరంటే ఒక్కరు కొనలేదు! ఆ తానులన్నీ మా ఇంట్లోనే చెల్లిపోయాయి. దిండు గలీబులు అవే, మగ్గాల మీద కప్పేవి అవే, మిగిలిన ముక్కలతో మా ఆవిడ భువన నాకు మోకాళ్ల దాకా నిక్కర్లు కుట్టింది. ఇంట్లో ఎటు చూసినా గళ్లే.

"ఎందుకు నాయనా ఇది? చూసి నవ్వతారు" అన్నాను. నాయన గుడ్డను నాలుగు మడతలు పెట్టి మళ్లీ అల్మరాలో పెట్టేశాడు. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు.

ఇక నా వేషం. పంచలు అమ్మేవాడు ప్యాంటులో పోతే ఏం బాగుంటుంది? అప్పుడే మగ్గం దిగిన జరీ అంచు పంచ ఒకటి తీశాను. నూలుకు పెట్టిన గంజి అలాగే ఉంది, పెళపెళలాడుతోంది. నాయన చూసి, "ఒక తడుపు తడిపి కట్టుకోప్పా. గంజి పంచ నడుముకు కరుచుకోదు" అన్నాడు. తడిపితే ఆ కొత్త కళ పోదూ? వినలేదు. భువన బెల్టు పట్టుకొని వాకిట్లోకొచ్చింది.

"నా మాట విని బెల్టు పెట్టుకోండి. మీకు పంచ కట్టే అలవాటు యాడుండాది? మన పెండ్లిలో కట్టినారు, అంతే."

"నేసేవాడి కొడుకును, నాకే పంచ కట్టడం నేర్పిస్తావా?" అని కసిరి బస్సెక్కాను. సినిమాల్లో హీరోలు పంచ ఎగ్గట్టి ఇరవై మందిని తంతారు, అంచు కూడా కదలదు. స్టేజీ మీద నిలబడి రెండు మాటలు చెప్పి దిగేవాడికి బెల్టా!

వడమాలపేటలో బస్సాగితే మజ్జిగ కోసం దిగాను. మామిడికాయలు అమ్మే ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఓ అబ్బయా, పంచ జారతా ఉండాది సూసుకో" అంది. చూసుకున్నాను. నిజమే, బొడ్డు కింద రెండంగుళాలు దిగింది. బిగించి కట్టి, "కొత్త పంచవ్వా, అట్లే ఉంటాది" అని ఆమెకే పాఠం చెప్పి బస్సెక్కాను. నాయన చెప్పాడు, పెళ్లాం చెప్పింది, ముక్కూ మొహం తెలియని అవ్వ కూడా చెప్పింది. ఇంకెవరు చెప్పాలి నాకు?

కల్యాణ మండపం నిండా జనం. నాకంటే ముందు ఐదుగురు స్టేజీ ఎక్కారు. ఐదుగురివీ తెల్ల పంచలే! ముందు వరుసలో కొట్ల వాళ్లు ఆవలిస్తున్నారు. వాళ్ల మధ్యలో రాజేశ్వరమ్మ గారు. చిత్తూరులో మూడంతస్తుల బట్టల కొట్టు ఆమెది. ఆమె ఒక గుడ్డ తీసుకుందంటే మిగతా కొట్ల వాళ్లూ అదే అడుగుతారు. ఆమె అప్పటికే చేతిసంచి భుజానికి తగిలించుకుని లేవబోతోంది. నాకు సోమవారం గుర్తొచ్చింది.

పేరు పిలవగానే పరిగెత్తినట్టే ఎక్కేశాను. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో కండువా. "అమ్మా! ఒక్క నిమిషం! ఈ అంచు చూడండి! ఈ నేత చూడండి!" అని రెండు చేతులూ పైకెత్తాను. పొట్ట లోపలికి పోయింది.

అంతే. పంచ వదిలేసింది.

జారడం అంటే మెల్లగా జారడం కాదు. నడుము దగ్గర టప్పుమంది, మరుక్షణం కాళ్ల దగ్గరుంది. ఘోరం ఏమిటంటే అది కింద పడి చతికిలబడలేదు కూడా. ఆ గంజికి నా పాదాల చుట్టూ గంపలాగా నిటారుగా నిలబడింది! మధ్యలో నేను. పైన ఇస్త్రీ చొక్కా, కింద వంకాయ రంగు గళ్ల నిక్కరు.

మండపంలో ఒకటే నవ్వు! ఫోన్లన్నీ లేచాయి. మీ దగ్గరికొచ్చిన వీడియో అప్పటిదే. దానికి ఫైటింగ్ మ్యూజిక్ తగిలించినవాడు ఎవడో గానీ, దొరికితే చెప్తా వాడి పని.

నాకు సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి ఇనుము వాణ్ని పిలిపించుకోవాలా? మైకు ఎలాగూ చేతిలో ఉంది. "నవ్వితే నవ్వినారు గానీ, మా గంజి ఎట్ల పట్టిందో సూడండి! మనిషి లేకపోయినా పంచ నిలబడి ఉండాది!" అన్నాను. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ ధైర్యంతో పంచ తీసుకుందామని వంగబోతున్నాను.

"ఏమప్పా, కదలొద్దు. అట్లే నిలబడు."

రాజేశ్వరమ్మ గారు! కళ్లద్దాలు సర్దుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చేసింది.

"ఆ గుడ్డ యాడిది?"

"పంచ మా సొంత మగ్గందేనమ్మా."

"పంచ గాదప్పా. నువ్వు తొడుక్కున్నేది."

నాకు నత్తి పట్టుకుంది. జిల్లాలో అంతటి మాటకారిని!

"మా... మా నాయన నేసిందమ్మా."

"ఎన్నాళ్లుగా తొడుక్కుంటా ఉండావు?"

ఈ ప్రశ్నకు మైకులో జవాబు చెప్పిన మగాడు ప్రపంచంలో ఇంకెవడైనా ఉన్నాడా? "రెండేండ్లమ్మా" అన్నాను. నా గొంతు మండపం అంతా మోగింది.

"ఉతుకుతా ఉంటారా?"

"అయ్యో, రోజూ ఉతుకుతారమ్మా!"

మళ్లీ నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. పక్కనున్న కొట్ల వాళ్ల వైపు తిరిగి, "సూడండి. రెండేండ్లు దినామూ ఉతికినా రంగు చెదరలేదు. పిల్లోళ్ల చొక్కాలకు, గౌన్లకు నేను వెతకతా ఉండేది ఇట్లాంటిదే" అంది. తర్వాత నాతో, "శాంపిలు ఇయ్యప్పా" అంది.

శాంపిలు! మా వ్యాపారంలో ఎంత మాట ఇచ్చినా, ఆర్డరు కాగితానికి గుడ్డముక్క పిన్ను కొడితేనే అది ఆర్డరు. నా సంచిలో పన్నెండు రకాల తెల్ల పంచల ముక్కలు ఉన్నాయి. ఆ గళ్ల ముక్క నగరిలో అల్మరాలో నాలుగు మడతల్లో ఉంది. తిరుపతిలో ఉన్న శాంపిలు ఒక్కటే, అది నా ఒంటి మీదుంది.

సంగతి ఆమెకు అర్థమైంది. సంచిలోంచి చిన్న కత్తెర తీసి నా చేతికిచ్చి, "తెర వెనక్కి పోయి అంచులో ఇంత ముక్క కత్తిరించుకోనిరా" అంది. పోయాను. మండపం వాచ్‌మన్ జాలిపడి తన బెల్టు ఇచ్చాడు. నిక్కరు కుడికాలి అంచు నుంచి రెండువేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి, పంచ కట్టి, బెల్టు బిగించి బయటికొచ్చాను. ఆమె ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, కాగితానికి పిన్ను కొట్టి సంతకం పెట్టింది. నాలుగు మగ్గాలూ ఆర్నెల్లు ఆగకుండా తిరిగేంత ఆర్డరు! కాగితం అందుకుంటుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గళ్లను చూసి నవ్వతారన్నది నేనే కదా.

ఆర్డరు సంగతి, ముక్క కోసిన సంగతి బస్సులోంచే ఫోన్‌లో చెప్పాను. నేను ఇల్లు చేరేలోపే వీడియో కూడా చేరిపోయింది. భువన గుమ్మంలోనే నా కుడికాలి వైపు చూసి, "బంగారం లాంటి నిక్కరును కోసుకోనొచ్చినారా!" అంది. షెడ్డులో నాయన ఆగిపోయిన మగ్గానికి నూనె వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"సంచిలో పెట్టుకోమంటే వద్దంటివి."

"తప్పయింది నాయనా."

"పోనీలేప్పా. ఎట్లనో ఒకట్ల తీసుకోని పోయినావు గదా" అని నవ్వాడు. నాయన నవ్వగా చూసి ఎన్నాళ్లైందో!

ఆ ముక్కలోంచి చిటికెడంత కత్తిరించి మాకూ ఒకటి ఇచ్చింది రాజేశ్వరమ్మ గారు, రంగు తప్పకుండా నెయ్యాలని. నాయన దానికి అద్దం కట్టించి షెడ్డులో దేవుడి పటాల పక్కన తగిలించాడు. పొద్దున్నే మగ్గం ఆన్ చేసే ముందు దానికి కూడా బొట్టు పెట్టి దండం పెడుతున్నాడు. నలభై ఏళ్లుగా నేను ఏం చేసినా మెచ్చుకోని మనిషి, చివరికి నా నిక్కరుకు మొక్కుతున్నాడు!