మీ ఇష్టం సార్

ఎవరేం చెప్పినా ఆవిడ కోటు జిప్పు మెడదాకా లాక్కుని, "మీ ఇష్టం సార్" అనేది. టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్ దగ్గర ట్రక్కు గుద్ది భర్త పోయాడు. నష్టపరిహారం కేసు నడిపిన మన తెలుగు లాయరుతోనూ అదే మాట అంది. మర్యాద కోసం అన్న ఆ మాటను ఆయన ఒప్పుకోవడం అనుకుని, ఫీజు కింద పరిహారంలో మూడో వంతు రాసుకున్నాడు.

పరిహారంలో చిన్నపిల్లల వాటా ఉంటే ఇక్కడ జడ్జి ఆమోదించాలి. ఆ రోజు కోర్టులో ఆవిడకు ఇంటర్‌ప్రెటర్‌ని నేనే. ఈ ఫీజు మీకు సమ్మతమేనా అని జడ్జిగారు అడిగారు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ చెయ్యి జిప్పు మీదికి పోయింది. ఆవిడ ఆ మాటే అంటే, నేను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పి తీరాలి. లాయరు అప్పుడే ఫైలు మూసేస్తున్నాడు.

జిప్పు కదల్లేదు.

"నా ఒక్కదానిదైతే మీ ఇష్టం అనేదాన్నమ్మా. ఇది మా పాపది. అంత ఇవ్వలేను."

జడ్జిగారు ఫీజు తగ్గించారు. బయటికి రాగానే లాయరు ఆవిడకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ ముక్క ముందే నాతో అనొచ్చు కదమ్మా?"

"మీరు చెప్పారు సార్. అడిగింది జడ్జిగారే."