అత్తమ్మ ఎక్కిన పందెం కారు

ఆ రోజుల్లో వరంగల్లులో మోటారు కనబడితే పిల్లలు వెంట పరుగెత్తేవారు. గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు మోటారు పుస్తకం చదివేసిన నేను మాత్రం కదలకుండా నిలబడి, "దీని స్ప్రింగులు సరిగా లేవు" అనేవాణ్ణి. (అప్పటికి నేను విప్పి చూసింది సైకిలు ఒక్కటే.) ఆ మాటకు నవ్వుకొని మా మేనమామ నన్ను తన మోటారు కార్ఖానాలో పనికి పెట్టుకున్నాడు.

ఒకసారి మేము చిన్న దొర అని పిలిచే ఆసామి తన పందెం కారు తెచ్చాడు. ఇద్దరే పట్టే, టాపు లేని బండి. మైదానంలో పందేనికి గట్టిగా ఉండాలి, బజారులో నడుము విరగకుండా మెత్తగానూ ఉండాలన్నాడు. మామ తల పట్టుకుంటే నా పుస్తకం పనికొచ్చింది. స్ప్రింగుల ఊపును ఆపడానికి చక్రాల దగ్గర రాపిడి బిళ్లలుంటాయి. వాటి బోల్టు బిగిస్తే బండి గట్టిపడుతుంది, వదులు చేస్తే మెత్తబడుతుంది.

సరిగ్గా అప్పుడే మామ భార్య, మా అత్తమ్మను హన్మకొండ దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది. ఆమెకు వెన్నులో జబ్బు. అంతకుముందు ఎడ్లబండిలో బయలుదేరితే, గుంతల కుదుపులకు తట్టుకోలేక సగం దారిలోనే వెనక్కి తిప్పించింది. చిన్న దొరను అడిగితే, ఎట్లాగూ నడిపి చూడాలి కదా, తీసుకుపొమ్మన్నాడు. మేము బోల్టులు వదులు చేసి, సీటు మీద నిండు బిందె పెట్టి, నీళ్లు తొణికినప్పుడల్లా మళ్లీ సవరిస్తూ మా కాశిబుగ్గ వాడంతా తిరిగాం. ఏదో తీర్థం నుంచి గంగ వచ్చిందనుకొని మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు బండి ఆపి బిందెకు పసుపు కుంకుమ పెట్టారు. ఒక అవ్వ నా కాళ్లకు కూడా మొక్కింది. (ఇది పుస్తకంలో లేదు.)

మరునాడు అత్తమ్మ మామ పక్కన కూర్చుంది. నేను వెనక స్టెప్నీని వాటేసుకున్నాను. ఊరు దాటాక నొప్పిగా ఉందా అని మామ అడిగాడు.

"లేదు. పందెం బండంటిరి గద, గిట్ల పెండ్లి పల్లకి లెక్క తీస్కపోతానవేంది? జర జోరుగ పోనియ్యి."

ఎన్నడూ తొందరపడని మామ వేగం పెంచాడు. ఆమె కొంగు ఎగిరి నా ముఖాన్ని కప్పేసింది. నెలల తరబడి మూలుగు తప్ప వినబడని ఆ గొంతు పకపకా నవ్వుతోంది. ఆ సుఖానికి కారణమేమిటో ఆమెకు తెలియాలి కదా అని, నేను కొంగు లోపలి నుంచే రాపిడి బిళ్లల సిద్ధాంతం అరిచి చెప్పసాగాను.

"నీ సదువు ఆపు బిడ్డా," అంది. "జర గాలి రానియ్యి."

దవాఖాన నుంచి ఆమె ఇంటికి రాలేదు. పందేనికి మళ్లీ బోల్టులు బిగించాల్సిన రోజున మామ పానా నా చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయాడు. నేనే బిగించాను. కారు గెలిచిందని అన్నారు. మేము చూడడానికి పోలేదు.

ఇప్పుడు నా వయసు ఆమె వయసును ఎప్పుడో దాటింది. తన ఉపన్యాసం వినలేదని దవాఖాన గేటు దాకా మూతి ముడుచుకొని కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆమె వినకపోవడమే మంచిదైంది. ఆమెకు మిగిలి ఉన్న దారి అంతే. దాన్నంతా ఆమె నవ్వుకే వాడుకుంది.