క్యారేజీ రాని రోజు అడిగిన ప్రశ్న

అన్నం తిన్నారా అని అడిగినందుకు నన్ను బళ్ళోంచి పంపేశారు. తిన్నారో లేదో మాత్రం చెప్పలేదు.

జరిగిన అన్యాయం అంతే. దానికి నేను కొత్తగా కలిపిందేమీ లేదు. డెబ్బై దాటాక కూడా ఆ కోపం నాలో పచ్చిగానే ఉంది. బీపీకి మాత్రలు వేసుకుంటున్నాను గానీ అవి దీని మీద పనిచెయ్యవు. మా ఆవిడ దీన్ని "మీ అన్నం గొడవ" అంటుంది. పెళ్ళైన కొత్తలో శ్రద్ధగా వినేది, తర్వాత కూరగాయలు తరుగుతూ వినేది, ఆ తర్వాత మధ్యలో నేను మరిచిపోయిన ముక్కలు తనే అందించేది. అలా అందరికీ పాతబడిపోయిన సంగతిని ఈమధ్య ఒక ఎనిమిదో తరగతి పిల్ల మళ్ళీ కదిపింది. అది కూడా టైరు మీద కూర్చుని.

జగ్గయ్యపేటలో హైవేకి దగ్గర్లో మాకు టైర్ల షాపుంది. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. వెనక రేకుల షెడ్డులో సాయంత్రాలు నేను బడిపిల్లలకి ఇంగ్లీషు వాక్యాలు చెబుతాను. నాకు డిగ్రీ లేదు, కుర్చీలూ లేవు, ఉన్నవి పాత లారీ టైర్లు. వాటిల్లో నాలుగింటిని విడిగా వేసి, సున్నంతో పేర్లు రాయించాను. ఒకటి మామూలుగా సంగతి చెప్పే వాక్యానికి, ఒకటి ప్రశ్నకి, ఒకటి ఆజ్ఞకి, ఒకటి ఆశ్చర్యానికి. ఎవరు ఏ టైరు మీద కూర్చుంటే ఆ రకం వాక్యమే మాట్లాడాలి. ఆజ్ఞ టైరు కోసం పిల్లలు కొట్టుకుంటారు. దాని మీద కూర్చుని "బ్రింగ్ మీ వాటర్" అంటే మా అబ్బాయి దగ్గర పనిచేసేవాళ్ళు నవ్వుతూ నిజంగానే నీళ్ళు తెచ్చిస్తారు మరి. ఆశ్చర్యం టైరు ఎవరికీ అక్కర్లేదు. పుస్తకంలో "వాట్ ఎ బ్యూటిఫుల్ ఫ్లవర్" అని ఉంటుంది, మా షెడ్డులో పువ్వెక్కడిది? ఒకరోజు గాలి కొడుతుంటే ట్యూబు పేలింది. టైరు మీదున్న బుడ్డోడు చెవులు మూసుకుని "వాట్ ఎ సౌండ్!" అని అరిచాడు. ఆ రోజు వాడి వాక్యానికి మించింది ఏ పుస్తకంలోనూ ఉండదని నేను అందరికీ బిస్కెట్లు పంచాను.

చిక్కంతా ప్రశ్న టైరు దగ్గరే. మన పిల్లలకి ఏ వాక్యాన్నిచ్చినా చిటికెలో ప్రశ్నగా మార్చేస్తారు. అడగడం మాత్రం రాదు. మొదట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చేవాళ్ళు. అక్క టైరెక్కి చెల్లెల్ని "వాట్ ఈజ్ యువర్ ఫాదర్స్ నేమ్?" అని అడిగింది. ఆ పిల్ల చేతులు కట్టుకుని వాళ్ళ నాన్న పేరు అక్కకి చక్కగా చెప్పింది. షెడ్డులో ఒక్కరు నవ్వితే ఒట్టు. వాళ్ళ లెక్కన అది ప్రశ్నే. అప్పుడు నేను ఒక నియమం పెట్టాను. జవాబు నీకు ముందే తెలిస్తే అది ప్రశ్న కాదు, దిగు. నిజంగా తెలియని సంగతి, నిజంగా తెలుసుకోవాలనున్నది, ఎదురుగా ఉన్న మనిషిని అడగాలి. అడిగించుకున్నవాళ్ళు తప్పకుండా జవాబు చెప్పాలి. ఎంత పెద్దవాళ్ళైనా సరే. లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి మా అబ్బాయి దాకా అందరూ ఆ టైరుకి జవాబు చెప్పినవాళ్ళే.

ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్ల టైరెక్కి చాలాసేపు నావైపే చూసింది. తర్వాత, "తాతయ్యా, డిడ్ ఎనీబడీ నాట్ ఆన్సర్ యూ?" అంది.

నేను పెట్టిన నియమమే. చెప్పక తప్పలేదు. నేను చెప్పింది ఇదీ.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బళ్ళోకి కొత్తగా ఒక ఇంగ్లీషు మాస్టారు వచ్చారు. చందర్లపాడు వైపు మనిషి, నందిగామలో కాపురం. అప్పుడే మీసం దిట్టమవుతున్న వయసు. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్ళేవారు. మధ్యాహ్నం బస్సుకి నందిగామ నుంచి వాళ్ళమ్మగారు క్యారేజీ పంపేది. కండక్టరు దాన్ని తన సీటు పక్కనే పెట్టుకుని తెచ్చి బస్టాండులో దించితే, మా బడి బంట్రోతు వెళ్ళి తెచ్చేవాడు. ఆ ఇత్తడి క్యారేజీ మా క్లాసు కిటికీ ముందు నుంచి వెళ్తుంటే పప్పు తాలింపు వాసన లోపలికొచ్చేది. సరిగ్గా అప్పుడే మాకు ఇంగ్లీషు. ఆ మాస్టారు బాగా చెప్పేవారు, అది ఒప్పుకోకపోతే నాకు పుట్టగతులుండవు. ఆయనకొక పట్టుదల ఉండేది. ఏదడిగినా తలూపకూడదు, ఎస్ అనో నో అనో ఊరుకోకూడదు, నిండు వాక్యంలో జవాబు చెప్పాలి. "నీకు నోరుంది, వాక్యానికి కాళ్ళున్నాయి, రెండూ నడవాలి" అనేవారు.

ఆ రోజు ప్రశ్న వాక్యాలు చెప్పారు. బోర్డు నిండా రాసి, "ఇప్పుడు ఎవరైనా లేచి సొంతంగా ఒక ప్రశ్న అడగండిరా" అన్నారు. ఎవరూ లేవలేదు. నేను కిటికీ పక్క కూర్చునేవాణ్ణి. బంట్రోతు బస్టాండు నుంచి ఉత్త చేతుల్తో రావడం, మాస్టారు వైపు చూసి దూరం నుంచే లేదని చెయ్యూపడం చూశాను. మాస్టారి ముఖం వాడిపోవడమూ చూశాను. మా ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ మొదట అడిగే మాట ఒకటే కదా. అదే మాట, నిండు వాక్యంలో, చేతులు కట్టుకుని అడిగాను. "సర్, హావ్ యూ టేకెన్ యువర్ మీల్స్?"

క్లాసంతా గొల్లుమంది. క్యారేజీ రాలేదని కిటికీ వైపు వాళ్ళంతా చూశారు కాబోలు. మాస్టారు ఎర్రబడిపోయారు. వేళాకోళమా అన్నారు. కాదండీ అన్నాను. బయటికి నడవమన్నారు. తప్పయిందని పెద్దల్ని తీసుకొచ్చి చెబితేనే లోపలికి రానిస్తామన్నారు.

మా నాన్న రాళ్ళబండి తోలేవాడు. సాయంత్రం ఎద్దుల్ని కట్టేస్తూ, "అడక్కూడనిది ఏమడిగావురా?" అన్నాడు.

"అన్నం తిన్నారా అని అడిగా."

"అందులో తప్పేముంది?"

"ఇంగ్లీషులో అడిగా."

"అదీ! ఇంగ్లీషులో అడిగితే కోపం రాదూ మరి!" అన్నాడు మా నాన్న. ఆ భాషలో మంచి మాటలు కూడా ఉంటాయని ఆయనకెవరూ చెప్పలేదు. అయినా నాకోసం మర్నాడు బడికొచ్చి, హెడ్మాస్టరు గదిలో తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తప్పయిందని చెప్పమన్నారు. నేను చెప్పను అన్నాను. "మాస్టార్ని నా ప్రశ్నకి జవాబు చెప్పమనండి, అప్పుడు చూద్దాం" అన్నాను. మా నాన్న నన్ను చూశాడు, హెడ్మాస్టర్ని చూశాడు, తలపాగా చుట్టుకున్నాడు. "పదరా" అన్నాడు. బడికీ నాకూ అక్కడితో సరి.

హైవే మీద పంక్చరు షాపులో పనికి కుదిరాను. పంతం పట్టి ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నాను. పుస్తకాలు తర్వాత కొన్నాను, ముందు నాకు దొరికింది లారీల వెనక రాతలే. చక్రం విప్పుతూ హారన్ ప్లీజ్, కీప్ డిస్టెన్స్ చదివేవాణ్ణి. ఆజ్ఞా వాక్యాలు అలా వచ్చేశాయి. మైలురాళ్ళ మీదా షాపుల బోర్డుల మీదా ఉన్నవి చదివితే చెప్పే వాక్యాలు వచ్చాయి. కానీ ఒక సంగతి గమనించాను. ఇన్ని రాతల్లో ప్రశ్న ఎక్కడా లేదు. దారి పొడుగునా లోకం మనకి ఏదో ఒకటి చెబుతూనో, ఇది చెయ్యి అది చెయ్యకు అంటూనో ఉంటుంది తప్ప, ఏ గోడ మీదా ఏ లారీ మీదా అన్నం తిన్నావా అని ఉండదు. ప్రశ్నకి ఎదురుగా మనిషుండాలి. నా మనిషి నన్ను బయటికి పంపేశాడు.

ఇంతవరకు చెప్పి ఆపాను. ఆ పిల్ల ప్రశ్న టైరు దిగింది. తిన్నగా వెళ్ళి ఆజ్ఞ టైరు మీదున్న కుర్రాణ్ణి లేపేసి తను కూర్చుంది. "గో అండ్ ఆస్క్ హిమ్!" అంది.

ఆయన నందిగామలోనే ఉన్నారని నాకు తెలుసు. పాత బస్టాండు వెనక సందులో, టీచరమ్మగా చేసిన కూతురి దగ్గర ఉంటున్నారని మా షాపుకొచ్చేవాళ్ళు చెబుతూనే ఉంటారు. నేను పనుల మీద నందిగామ వెళ్ళని నెల లేదు. ఆ సందు వైపు చూడని ప్రయాణం లేదు, అందులోకి తిరిగిన ప్రయాణమూ లేదు. ఆయనే రావాలి, ఆయనే చెప్పాలి అని నా లెక్క. కానీ నా షెడ్డులో ఆజ్ఞ టైరు మాట నేనే వినకపోతే రేపు ఏ పిల్లాడు దిగమంటే దిగుతాడు?

మర్నాడు ఇస్త్రీ పంచె కట్టుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి, "ఎప్పటి అన్నం గురించండీ ఇప్పుడు అడగబోయేది?" అంది.

"ఎప్పటిదైతేనేం? అడిగినవాణ్ణి ఉన్నా, తినాల్సినాయన ఉన్నాడు."

"అయితే వొట్టి చేతుల్తో వెళ్ళి తిన్నారా అని అడుగుతారా? లేదంటే ఏం చేస్తారంట?" అంటూ ఐదు గిన్నెల క్యారేజీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, పైన పెరుగు. నా గొడవ తను ఎప్పుడో వినడం మానేసిందనుకున్నాను. చివరిదాకా విన్నది తనే.

బస్సులో క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వేడికి తొడ చురుక్కుమంటున్నా కింద పెట్టలేదు. టీచరమ్మ తలుపు తీసి ఎవరండీ అంది.

"జగ్గయ్యపేట నుంచండీ. మాస్టారి దగ్గర చదువుకున్నా."

"ఏ బ్యాచ్ అండీ?"

"మధ్యలో ఆపేసిన బ్యాచ్ అండీ," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు గానీ లోపలికి రమ్మంది.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. మనిషి చిక్కిపోయారు, చూపు మాత్రం బోర్డు మీద పెట్టినట్టే పెట్టారు. నేను పేరు చెప్పలేదు. క్యారేజీ పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, అప్పుడు నిలబడ్డట్టే నిలబడి, "సర్, హావ్ యూ టేకెన్ యువర్ మీల్స్?" అని అడిగాను. ఎన్నాళ్ళ నుంచి సాధన చేస్తున్న వాక్యం అది!

"పన్నెండున్నరకి పెడతామండీ ఆయనకి," అంది టీచరమ్మ.

ఆయన చెయ్యెత్తారు. "నువ్వు చెప్పకమ్మా. నన్నడిగాడు." తర్వాత నన్ను కింద నుంచి పైదాకా చూసి, మెల్లగా, "ఆ రోజు క్లాసంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు. అది చూశా నేను," అన్నారు.

"చూసి కూడా పంపేశారాండి?"

"చూసి కూడా. చిన్న వయసు, కొత్త ఉద్యోగం. నా ఆకలి పిల్లలకి తెలిసిపోయిందని సిగ్గేసింది. మర్నాడు వస్తావులే, పిలిచి కూర్చోబెడదామనుకున్నా. నువ్వు హెడ్మాస్టరు గదిలోంచే వెళ్ళిపోయావు, క్లాసుకి రాలేదు."

"తప్పయిందని చెప్పమన్నారు కదండీ. నా తప్పు లేదు."

"లేదు," అన్నారాయన. టీచరమ్మ వినేలా మళ్ళీ అన్నారు. "నీ తప్పేం లేదు."

నాకు ఆ వరండాలోనే ఈల వెయ్యాలనిపించింది. తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డ మా నాన్నని పిలిచి వినిపించాలనిపించింది. కానీ నేను వచ్చింది దానికి కాదు. "అదంతా నేనడగలేదండి. నేనడిగింది ఒకటే," అన్నాను. ఆయన నవ్వారు. కుర్చీ చేతుల మీద బలం పెట్టి నిటారుగా కూర్చున్నారు. ఇన్నేళ్ళూ ఎటో వెళ్ళిపోయాయనుకున్నాను గానీ, కాలం ఆ మధ్యాహ్నం దగ్గరే చేతులు కట్టుకుని, మేమిద్దరం వచ్చేదాకా నిలబడి ఉందని అప్పుడు తెలిసింది. మాస్టారు గొంతు సవరించుకుని, తలూపకుండా, తను నేర్పినట్టే, నిండు వాక్యంలో జవాబు చెప్పారు.

"నో, ఐ హావ్ నాట్ టేకెన్ మై మీల్స్. ఆ క్యారేజీ విప్పరా, ఇద్దరం తిందాం."