మహానవమి దిబ్బ మీద వంటమనిషి

నా గొంతు పోకపోతే బసవమ్మగారి కథ నేను ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఎందుకంటే ఆ కథలో ఒక అబద్ధం ఉంది, ఆ అబద్ధం నాది. ఆడినవాడు తన అబద్ధాన్ని తనే ఊరంతా చెప్పుకుంటాడా ఎక్కడైనా?

నా పేరు పాండురంగారావు. తెనాలి హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పాను. నాకు కోపం ఎక్కువని పిల్లలనేవారు. కోపం కాదు, వినేవాళ్ళు దిక్కులు చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే. వేసవి సెలవుల్లో మాత్రం నా పాఠం నోరు తెరుచుకుని వినేవాళ్ళు దొరికేవారు. దశరథరామయ్యగారని మా ఊళ్ళో ఒకాయనకి బస్సు ఉండేది. ఏడాదంతా తెనాలికీ రేపల్లెకీ మధ్య తిరిగే ఆ బస్సు, కాలువలు కట్టేసి రైతులు చేతులు ముడుచుకు కూర్చునే మే నెలలో యాత్రకి బయలుదేరేది. కాశీ రామేశ్వరాలకి కాదు. పాత రాజధానులూ, కొండకోటలూ చూపించే యాత్ర. గండికోట, పెనుకొండ, హంపి. కనుచూపుమేర వరిచేలు తప్ప ఇంకేమీ ఎరగని మావాళ్ళకి కొండంటే మహా సరదా. రేపల్లెలో పుట్టినవాడు మేడ మెట్లెక్కినా ఎత్తుకి వచ్చాననుకుంటాడు. నలభై మంది యాత్రికులు, గైడుని నేను, డ్రైవరు మార్కు, వంటకి బసవమ్మగారు.

వంటమనిషి లేకుండా మావాళ్ళని జిల్లా దాటించడం ఎవరి తరమూ కాదు. కన్నడదేశంలో సాంబారులో బెల్లం వేస్తారని ఇంటి దగ్గరే బెంగ పెట్టుకుంటారు. అందుకని బియ్యం బస్తాలు, కందిపప్పు, గోంగూర పచ్చడి జాడీలు, గుండిగలు అన్నీ బస్సు మీదకెక్కేవి. పన్నెండున్నరకి విస్తట్లో పొగలు కక్కే అన్నం లేకపోతే విజయనగర సామ్రాజ్యమంతా లేచొచ్చి ఎదురుగా నిలబడినా మా రైతులు తలెత్తి చూడరు.

బసవమ్మగారిది బాపట్ల పక్కన పల్లెటూరు. రేపల్లె రైసుమిల్లులో పనిచేసే బ్రహ్మయ్యకిచ్చి పెళ్ళి చేశారు. ఆవిడకి ఇరవై ఆరేళ్ళప్పుడు ఆయన కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. తెనాలి వచ్చి పెళ్ళి వంటల దగ్గర మొదట అంట్లు తోమింది, తర్వాత పచ్చళ్ళు రుబ్బింది, పదేళ్ళు తిరక్కుండా గరిటె పట్టుకుంది. అయిదొందల మంది బంతికి ఆవిడ కొలత లేకుండా ఉప్పు వేస్తే ఒక్క పలుకు ఎక్కువయ్యేది కాదు. చదువు రాదు, వేలిముద్రే. జ్ఞాపకం మాత్రం, ఏం చెప్పను, నాకు మతిపోయేది.

బస్సులో సీట్లన్నీ యాత్రికులవి కాబట్టి ఆవిడ డ్రైవరు వెనక బియ్యం బస్తా మీద కూర్చునేది. నేను పక్కన నిలబడి పాఠం చెప్పేవాణ్ణి. ఓసారి తళ్ళికోట యుద్ధం పదిహేనువందల అరవై నాలుగులో జరిగిందన్నాను. కింద నుంచి మెల్లిగా, "అరవై అయిదండి మాస్టారూ. పోయినేడు అరవై అయిదన్నారు" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ అరవై అయిదే.

పంతొమ్మిదివందల అరవై మూడు నుంచి ఏటా వచ్చింది ఆవిడ. ఏటా హంపి వెళ్ళింది. ఒక్కసారి కూడా హంపి చూడలేదు. బస్సు ఆగగానే జనమంతా నా వెంట బయలుదేరేవారు, ఆవిడ పొయ్యి పెట్టుకునేది. మేం తిరిగొచ్చేసరికి విస్తళ్ళు సిద్ధం. భోజనాలయ్యాక గిన్నెలు తోమి ఎక్కించేసరికి మార్కు హారను కొట్టేవాడు. గండికోట అంటే ఆవిడకి గాలికి ఆరిపోయే పొయ్యి. పెనుకొండ అంటే నీళ్ళు దూరం. హంపి అంటే పొయ్యికి రాళ్ళు వెతుక్కోనక్కర్లేని ఊరు. "మీరూ రండి, చూద్దురుగాని" అని ఒక్కనాడు నేను అనలేదు. అనాలని తోచనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఇక నా అబద్ధం. అరవై నాలుగులో పెనుకొండ దగ్గర భోజనాలు జరుగుతున్నాయి. పొద్దుటి నుంచి కొండ మీద గొంతు చించుకుని పాఠం చెప్పింది నేను. మెప్పంతా గోంగూర పప్పుకి. "అబ్బ, ఏం చెయ్యమ్మా నీది!" అని ఒకరు, "ఇంకో గరిటె వెయ్యి" అని ఒకరు. నన్ను పలకరించినవాడు లేడు. ఉడుకుమోత్తనం నాకు. లేచి నిలబడి అన్నాను: "రేపు హంపీలో మహానవమి దిబ్బ చూస్తారు. దాని గోడ మీద రాజులతో, ఏనుగులతో పాటు ఒక వంటమనిషిని కూడా చెక్కారు. గరిటె పట్టుకుని, అచ్చం మన బసవమ్మగారే!"

నలభై మందీ ఎడమ చెయ్యి తొడ మీద కొట్టి మరీ చప్పట్లు చరిచారు. అలాంటి బొమ్మ నేనెన్నడూ చూడలేదు. ఆ క్షణంలో నోటికొచ్చింది, అనేశాను.

బసవమ్మగారు చారు గిన్నెతో అక్కడే ఆగిపోయింది. "నిజంగానా మాస్టారూ?"

"నేను అబద్ధం చెబుతానా?" అన్నాను.

ఆ తర్వాత ఏటా ఆ ముక్క చెప్పక తప్పలేదు. చప్పట్లు గ్యారంటీ. దిబ్బ దగ్గరికి చేరేసరికి ఎండకి అందరి మాడూ అదిరిపోతుంటే ఆ బొమ్మ ఎవరికీ గుర్తుండేది కాదు. ఎవరైనా అడిగితే చెయ్యెత్తి ఆడుతున్న ఏదో బొమ్మని చూపించి ముందుకి నడిచేవాణ్ణి. తప్పించుకోలేనిది బసవమ్మగారి దగ్గరే. తిరిగి రాగానే మజ్జిగ చేతికిస్తూ అడిగేది.

"ఆవిడ బావుందాండీ?"

"బావుంది."

"ముక్కుపుడక ఉందా?"

"ఉంది."

"గరిటె ఏ చేత్తో పట్టుకుందండీ?"

"కుడి చేత్తో."

ఎనిమిదేళ్ళు ఆవిడ అడిగింది, నేను కల్పించాను. ముక్కుపుడక, కొప్పు, బొడ్లో దోపిన చెంగు, పక్కనే గుండిగ. ఆ బొమ్మని చెక్కింది ఎవరో కాదు, నేనే.

డెబ్భై రెండుకి బసవమ్మగారి మోకాళ్ళు పాడయ్యాయి. బస్సెక్కాలంటే మార్కు చెయ్యి అందించాల్సి వచ్చేది. ఇదే తన ఆఖరు యాత్ర అని బయలుదేరేటప్పుడే చెప్పేసింది. ఆ ఏడు పెనుమూడి నుంచి మాణిక్యమ్మగారని పెద్ద మోతుబరి ఇంటావిడ వచ్చింది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. దారిలో వంకాయలు తరుగుతూ బసవమ్మగారు ఆవిడతో అంటుంటే విన్నాను.

"అన్నీ చూడాలని లేదండి నాకు. ఆ ఒక్క బొమ్మని చూస్తే చాలు. మనం వండింది తిని చెయ్యి కడుక్కుంటే అయిపోయిద్ది కదండీ, ఇంకేం మిగల్దు. అట్టాంటిది వంట చేసేదాన్ని రాయి మీద చెక్కారంటే, ఆళ్ళెంత గొప్పోళ్ళండీ! కాళ్ళు పూర్తిగా పడిపోకముందు ఆవిణ్ణి ఓసారి చూసి, దణ్ణం పెట్టుకుని రావాలనుంది."

ఆ పూటే నిజం చెప్పేద్దామనుకున్నాను. ఎలాగూ పొయ్యి వదిలి రాలేదు కదా, ఇంటికెళ్ళిపోతే గొడవే ఉండదని ఊరుకున్నాను. పిరికివాణ్ణి.

గండికోట లోయలో గాలికి ఎదురు అరిచి అరిచి, ఆపైన తాడిపత్రిలో ఐసు సోడా తాగి, హంపి చేరేసరికి నా గొంతు పూర్తిగా మూసుకుపోయింది. కీచుమని కూడా రాలేదు. హంపి పక్కనున్న కమలాపురం దగ్గర తోటలో బస్సు ఆపితే జనం సణుగుడు మొదలుపెట్టారు. "గైడు నోరు మెదపకపోతే ఇంత దూరం వచ్చింది రాళ్ళు చూడ్డానికా? మంగళగిరిలో లేవా రాళ్ళు?" అన్నాడు ఒకాయన.

అప్పుడు మార్కు అన్నాడు: "మన బసవమ్మక్కకి అంతా నోటికొచ్చండి."

అందరూ నవ్వారు. "ఏదమ్మా, చెప్పు చూద్దాం" అన్నారు వేళాకోళంగా. ఆవిడ సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. హరిహర బుక్కరాయల దగ్గర ఎత్తుకుని తళ్ళికోట దాకా, నా మాట ఒక్కటి పొల్లుపోకుండా, నేను ఆగే చోట ఆగి, నేను గొంతు పెంచే చోట పెంచి చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి.

మాణిక్యమ్మగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది. "లే బసవమ్మా. నువ్వెళ్ళి చూపించు వీళ్ళకి. వంట నే చూస్తా."

"మీరాండీ?"

"ఏం, పుట్టగానే నన్ను కుర్చీలో కూచోబెట్టారనుకున్నావా? నలుగురు ఆడబిడ్డలకి పురుళ్ళు పోశాను. లేస్తావా లేదా?"

బసవమ్మగారి ముందుకెళ్ళి చేతులు అడ్డంగా ఊపాను, మోకాళ్ళు చూపించాను, ఎండ చూపించాను. నా మీద జాలిగా నవ్వింది. "నా కాళ్ళ గురించి బెంగపడకండి మాస్టారూ, నెమ్మదిగా నడుస్తా" అంది. చెంగు బొడ్లో దోపుకుని నలభై మందికి ముందు నడిచింది. చేత్తో దారి చూపిస్తూ నేనూ పక్కన నడవక తప్పలేదు.

గజశాల దగ్గర పదకొండు గదులనీ, ఒక్కో గదికి ఒక్కో ఏనుగనీ నేను చెప్పే మాటే చెప్పి, ఆగి, తన మాట ఒకటి చేర్చింది. "పదకొండు ఏనుగులకీ పూటపూటకీ ముద్దలు కలిపినోళ్ళ రెక్కలు ఏమైపోయుంటాయండీ!" రైతులు తలలు ఊపారు. నా పాఠానికి ఎన్నడూ ఎవరూ అలా తల ఊపలేదు.

మహానవమి దిబ్బ దగ్గర ఆవిడ చెప్పులు విడిచింది. అంత ఎత్తు రాతి అరుగు, చుట్టూ వరసలు వరసలుగా బొమ్మలు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, కుస్తీ పట్టేవాళ్ళు, నాట్యం చేసే ఆడవాళ్ళు. ఆవిడ ఒక్కో బొమ్మనీ వేలితో తడుముతూ, వంగుతూ, లేస్తూ, నడుము పట్టుకుంటూ చుట్టూ తిరిగింది. జనం వెనకాలే తిరిగారు. ఒక చుట్టు పూర్తయింది. బయలుదేరిన మూలకే వచ్చి నిలబడింది.

"ఏదమ్మా వంటమనిషి? మాస్టారు పెనుకొండలో చెప్పారుగా?" అన్నాడు ఆ మంగళగిరి రాళ్ళాయన.

బసవమ్మగారు నావైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. ఒక్క చూపులో ఆవిడకి తెలిసిపోయింది. నలభై మంది ముందు నా పరువు ఆవిడ చేతిలో ఉంది. తీసెయ్యదలుచుకుంటే ఒక్క మాట చాలు.

"ఇది రాజుగారు సంబరం చూసే చోటండి" అంది ఆవిడ. "సంబరం నాడు వంటమనిషి ఇక్కడెందుకుంటదండీ? పొయ్యి కాడుంటది."

అందరూ ఘొల్లుమన్నారు. బాగా చెప్పిందని చప్పట్లు కొట్టారు. నవ్వనిది మేమిద్దరమే.

జనం దిబ్బ మీదకెక్కారు. ఆవిడ ఎక్కలేదు. మళ్ళీ మొదటి మూలకి వెళ్ళి, రెండోసారి వెతకడం మొదలుపెట్టింది. నేను వెనకాలే వెళ్ళాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఉన్న గొంతంతా కూడదీసుకుని గుసగుసగా అన్నాను: "వెతక్కండి బసవమ్మగారూ. లేదు. నేనే కల్పించాను."

"ఎందుకండీ?" అంది వెనక్కి తిరక్కుండా.

"చప్పట్ల కోసం."

ఆవిడకి కోపం వస్తే బావుండుననిపించింది. తిట్టినా హాయిగా ఉండేది.

"ముక్కుపుడక కూడానాండీ?" అంది చివరికి.

తల ఊపాను.

"ఎనిమిదేళ్ళ నుంచి పొయ్యి ముట్టించేటప్పుడు ఆవిణ్ణి తలుచుకుంటన్నా మాస్టారూ. ఎండలో ఒళ్ళు మండిపోతన్నప్పుడు, ఆవిడ వందల ఏళ్ళుగా నిలబడే ఉందిగా, నాకేం వచ్చిందిలే అనుకునేదాన్ని." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "వెయ్యి బొమ్మలుంటాయి ఇక్కడ. కుక్కని చెక్కారు, ఒంటెని చెక్కారు. ఇంతమందికి అన్నం పెట్టినోళ్ళలో ఒక్కళ్ళు కనపళ్ళేదేంటండీ?"

ముప్ఫై ఏళ్ళు చరిత్ర చెప్పిన నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు, నాకై నాకూ తోచలేదు.

"క్షమించండి. ఇంకెప్పుడూ ఆ మాట చెప్పను" అన్నాను.

"చెప్పండి" అంది ఆవిడ గట్టిగా. అప్పుడొచ్చింది కోపం. "చెప్పండి మాస్టారూ, మానేస్తే ఎట్టా? వంటమనిషి ఉందని మాత్రం చెప్పకండి. తెనాలి నుంచి బసవమ్మ అనే వంటమనిషి వచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి వెతికిందనీ, లేదనీ చెప్పండి."

తర్వాతి ఏడు ఆవిడ రాలేదు. కొత్త వంటమనిషి వచ్చాడు. పెనుకొండ దగ్గర భోజనాల వేళ నేను లేచి, ఆవిడ చెప్పమన్నట్టే, నా అబద్ధంతో సహా మొత్తం చెప్పాను. దిబ్బ దగ్గర కూడా చెప్పాను. ఆ తర్వాత యాత్రలు సాగినన్నేళ్ళూ చెప్పాను. ఆ మాటకి ఎప్పుడూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.