ఖాళీ రన్‌వే మీద గాలి

ఆ రోజుల్లో నాకు ఆస్తి లేకపోయినా వెన్ను మాత్రం నిటారుగా ఉండేది. దివిసీమలో మా వంశం ఎవరి వెనకా నిలబడలేదని నాయనమ్మ చెప్పేది (నేను పుట్టేనాటికి మా వెనక నిలబడేవాళ్లూ లేరు, అది వేరే సంగతి). అలాంటి నేను ఒక పెద్ద నగరంలో, ఏ విమానం ఎప్పుడు ఎగరాలో చెప్పే కంట్రోల్ టవర్‌లో శిక్షణకు చేరాను. పని నేర్పే పెద్దాయనది గుడివాడ. అందరూ ఆయన్ని మావయ్య అనేవారు.

పరీక్ష రోజు తెల్లవారింది. ఆ పూట తప్పితే ఉద్యోగం లేదు. పల్చటి మంచు, ఆకు కదలడం లేదు. బయలుదేరే విమానాలను వరస పెట్టమన్నారు మావయ్య. చిన్నవాటికి చిన్నతనం కలగకూడదని పెద్దది, చిన్నది, మళ్లీ పెద్దది, చిన్నది అని పెట్టాను. దివాణపు మర్యాద అనుకున్నాను. తీరా చూస్తే, పెద్దది ఎగిరిన ప్రతిసారీ వెనకున్న చిన్నది రెండు నిమిషాలు ఆగాలి. పెద్దదాని రెక్కలు విడిచిన సుడిగాలి చిన్నదాన్ని బోర్లా తిప్పేయగలదు. గాలి లేని రోజున ఆ సుడి ఓ పట్టాన కదలదు. పెద్దవన్నీ ఒక జట్టుగా, చిన్నవన్నీ ఒక జట్టుగా పంపి ఉంటే ఆ ఆగుడు ఒక్కసారితో పోయేది. నా మర్యాద పుణ్యమా అని వరస టెర్మినల్ దాకా పాకింది.

అప్పుడొక చిన్న విమానం పైలట్ రేడియోలో, రన్‌వే ఖాళీగానే ఉంది కదా, ఎవరి కోసం ఆపారని అడిగాడు. నన్నే నిలదీస్తాడా అనిపించింది. ఇంకా నిమిషం మిగిలుండగానే వెళ్లమని చెప్పడానికి బటన్ మీద వేలు పెట్టాను. మావయ్య నా చెయ్యి పట్టుకోలేదు. కిటికీ వైపు చూపించారు.

"పెద్దది పోయింది గానీ బాబూ, దాని గాలి పోలేదు. చూడు."

చూశాను. ఎవరూ లేని రన్‌వే మీద మంచు, తాడు పేనినట్టు మెలితిరుగుతోంది. చప్పుడు లేదు. పక్కనున్న గడ్డి, ఎవరో తొక్కుకుంటూ వెళ్తున్నట్టు, వరసగా ఒరిగి వరసగా లేస్తోంది. మా ఊళ్లో గాలి సోకడమంటే దెయ్యం పట్టడం. వేలు దానంతటదే వెనక్కి వచ్చింది.

"ఆయనకేం చెప్పమంటారండీ?" అన్నాను. గొంతు నాది కాదు.

"వెళ్లాల్సినవాళ్లు ఇంకా వెళ్లలేదని చెప్పు."

అలాగే చెప్పాను. పైలట్ మళ్లీ అడగలేదు.

మావయ్య నా పరీక్ష కాగితం మీద, "వరస పెట్టడం రాదు. ఆగడం వచ్చు. ఇంకో నెల చూద్దాం" అని రాశారు. మా వంశంలో అలాంటి బిరుదు ఎవరికీ రాలేదు, నొచ్చుకున్నాను. ఇప్పుడు మాత్రం ఎవరైనా, కారణం చెప్పకుండా, కాస్త ఆగండి అంటే, ఎదురుగా ఏమీ లేకపోయినా ఓసారి తేరిపార చూసి, నవ్వుకుని ఆగుతున్నాను.