పేరయ్యశాస్త్రి కాశీకి వెళ్ళిన తర్వాత

మొన్న విజయవాడలో కూలరు కొందామని ఒక కొట్లోకి వెళ్ళాను. కొట్టాయన అందులో నీళ్ళు పోసి స్విచ్చి వేసేసరికి తడిసిన గడ్డి వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. ఆ వాసనకి తిరువూరులో మా ఇంటి ముందుగది, గోడ వారగా చెక్క స్టాండు మీద టీవీ, దానికి ఎదురుగా పడక్కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ మా తాతయ్య, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఇంక కూలరు మీద మనసు నిలవలేదు. ధర కూడా అడక్కుండా బయటికొచ్చి, బస్టాండులో ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చుని, ఫోను తీసి "మూడు వాటాల ఇల్లు" అని కొట్టాను. ఎవరో పుణ్యాత్ముడు ఆ సీరియల్ ఎపిసోడ్లన్నీ పెట్టాడు. కింద జనం రాసినవి చదివితే అందరిదీ ఒకటే మాట. పేరయ్యశాస్త్రి కాశీకి వెళ్ళిపోయిన తర్వాతవి చూడకండి, శుద్ధ దండగ, అక్కడితో ఆపేయండి అని. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు అబద్ధం చెప్పారని కాదు. అంత అధ్వాన్నమైన ఎపిసోడ్లు నేను కూడా మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానీ ఆ మాట అనే హక్కు మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ లేదని నా ఉద్దేశం.

సీరియల్ ప్రతి గురువారం సాయంత్రం వచ్చేది. ఒక పాత ఇల్లు, అందులో మూడు వాటాలు, మధ్య వాటాలో పేరయ్యశాస్త్రి అనే ముసలాయన. ఆయనకి అందరితోనూ పేచీయే. పంపు దగ్గర, పాలవాడితో, పై వాటాలో రేడియో పెట్టినవాళ్ళతో తగువు పెట్టుకుని, చివరికి చేతిసంచీలో రెండు పంచెలు కుక్కుకుని, "కాశీకి పోతున్నా, ఇక నా మొహం చూడరు మీరు" అంటూ గేటు దాకా నడిచేవాడు. అక్కడికి వెళ్ళేసరికి ఏదో ఒక వాటాలోంచి కాఫీ వాసనో, పెసరట్టు వాసనో వచ్చేది. ఆయన ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఇది తిని పోతాలే" అని వెనక్కి తిరిగేవాడు. ఏ వారం చూసినా ఇదే. అయినా ఆయన గేటు దగ్గర ఆగిన ఆ క్షణాన మా ముందుగదిలో కూర్చున్న వాళ్ళందరం, కింద చాప మీదున్న ఇరుగుపొరుగు పిల్లలతో సహా, ఇదే మొదటిసారి అన్నట్టు పడీ పడీ నవ్వేవాళ్ళం.

అందరికంటే గట్టిగా నవ్వేది తాతయ్య. ఆయనది పౌరోహిత్యం. తిరువూరు నుంచి పెనుగొలను, నెమలి దాకా ఎక్కడ పెళ్ళయినా, గృహప్రవేశమైనా, ఎండా వానా చూడకుండా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి చేయించి వచ్చేవాడు. అలాంటి మనిషికి గుండెనొప్పి వచ్చింది. విజయవాడ డాక్టరు సైకిలు మాన్పించి, మెట్లు మాన్పించి, ఉప్పు మాన్పించి, చెడ్డ కబుర్లేవీ ఆయన చెవిన పడనివ్వకండని మరీ మరీ చెప్పి పంపాడు. ఇంక ఆయన కాలు కాలిన పిల్లిలా వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరిగేవాడు. కూర్చుంటే కాళ్ళు ఊపేవాడు. నాకూ ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటు లేదు, ఇప్పటికీ లేదు, అది ఆయన్నుంచి వచ్చిందే. బామ్మ మా ఇద్దర్నీ చూసి, "ఒక తాడు తెచ్చి ఇద్దర్నీ ఆ కుర్చీకి కట్టేస్తాను" అనేది. తాతయ్య వెంటనే, "నేనూ కాశీకి పోతున్నానే" అనేవాడు.

నాన్న మండలాఫీసులో పని చేసేవాడు. తాతయ్య వెంట పౌరోహిత్యానికి వెళ్ళనని చిన్నప్పుడే చెప్పేశాడట. దాని మీద గొడవేమీ జరగలేదు గానీ, అప్పటి నుంచీ ఇద్దరికీ మాటలు తక్కువ. తాతయ్య ఎదురుగానే ఉన్నా, "మాత్ర వేసుకున్నారా?" అని నాన్న అమ్మని అడిగేవాడు. "వేసుకున్నాడని చెప్పు" అని తాతయ్య బామ్మతో అనేవాడు. ఒకే గదిలో ఉండి, ఇద్దరాడవాళ్ళ మీదుగా నడిచేది ఆ సంభాషణ. పైగా ఆఫీసు అయ్యాక నాన్న ఎక్కడెక్కడో తిరిగి, మేం అన్నాలు తినేశాక గాని ఇంటికొచ్చేవాడు కాదు. మా ఇంట్లోవాళ్ళలో సీరియల్ చూసేది మేం నలుగురమే.

గురువారం అంటే ఆ ఇంట్లో ఒక చిన్న పండగే. తాతయ్య సంధ్యావందనం పెందలాడే ముగించేవాడు. ఎండాకాలమైతే పెరట్లో నీళ్ళు చల్లి, కూలరు కిటికీ దగ్గరికి జరిపి, అమ్మ తాటిముంజలు ఒలిచి పళ్ళెంలో పెట్టేది. వానలు పడితే ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఇంట్లో శనగపిండి ఉంటే మిరపకాయ బజ్జీలు. మామిడికాయల రోజుల్లో రసాలు బకెట్ నీళ్ళలో పడేసి ఉండేవి, మేం టీవీ మీంచి చూపు తిప్పకుండానే చేత్తో తడిమి తీసుకుని, పిసికి, తొడిమ కొరికి పీల్చేవాళ్ళం. అంతా సిద్ధమయ్యాక కరెంటు పోతుందేమోనని నాకు ఒకటే కంగారు. లేచి ఫ్యాను వంక, బల్బు వంక చూసి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున నాన్న పేపరు విప్పి, విప్పినట్టే మడిచి చంకలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పేరయ్యశాస్త్రి వేషం వేసే నటుడు ముందు రోజు పోయాడట. తాతయ్య ఆ పేరయ్యశాస్త్రిని టీవీలో మనిషిగా చూసేవాడు కాదు. తన ఈడు వాడు, తన భాష మాట్లాడేవాడు, వారానికోసారి ఇంటికొచ్చి వెళ్ళే స్నేహితుడన్నట్టు చూసేవాడు. అందుకే ఈ కబురు ఆయనకి తెలియకూడదని వంటింట్లో నిలబడి అక్కడికక్కడే తీర్మానం జరిగిపోయింది. ఆ పేపరు పొయ్యిలోకి వెళ్ళింది, పేపరు కుర్రాడు ఇవాళ రాలేదని తాతయ్యకి చెప్పాం. అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్ళని గేటు దగ్గరే ఆపి, లోపల ఆ మాట ఎత్తొద్దని చెప్పే పని నాకు అప్పగించారు. బడికి సెలవులు కాబట్టి పొద్దస్తమానం అదే పని. ఆ మధ్యాహ్నం తాతయ్య రెండోసారి తలమీంచి నీళ్ళు పోసుకున్నాడు. "ఇదేం స్నానమండీ ఈ వేళప్పుడు?" అని బామ్మ అడిగితే, "ఉక్కపోస్తోందే" అన్నాడు. నిజంగానే ఉక్కగా ఉంది. ఎవరం పట్టించుకోలేదు.

ఆ గురువారం నాన్న చీకటి పడకముందే ఇంటికొచ్చాడు. సీరియల్ మొదట్లో ఆ నటుడి ఫొటోకి దండ వేసి చూపిస్తారేమోనని ఆయన భయం. నన్ను మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టి, తను దగ్గితే లాగెయ్యమన్నాడు. పాట మొదలైంది, తెర మీద నల్లగా ఏదో రాబోయింది, నాన్న దగ్గాడు, నేను స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో, ఊరంతా ఠక్కున కరెంటు పోయింది. తిరువూరులో కరెంటు మాకు మేలు చేసింది ఆ ఒక్కసారే. చీకట్లో తాతయ్య, "పోనీలే, వచ్చే వారం చూద్దాం" అన్నాడు.

వచ్చే వారానికి సీరియల్ వాళ్ళు కథ మార్చేశారు. పేరయ్యశాస్త్రి ఈసారి నిజంగానే కాశీకి వెళ్ళిపోయాడన్నారు. అక్కణ్ణించి మొదలయ్యాయి ఆ ఎపిసోడ్లు. ఒకదాంట్లో పోస్టుమాన్ కాశీ నుంచి ఉత్తరం తెస్తాడు, ఒక్కొక్కళ్ళూ దాన్ని చేత్తో పట్టుకుని ఆకాశంలోకి చూస్తారు, పాత సన్నివేశాలు మళ్ళీ వేసేస్తారు. మేం ఎప్పుడో చూసేసినవే. ఇంకోదాంట్లో పై వాటావాళ్ళు గోరింకని తెచ్చి, దానికి ఆయన మాటలు నేర్పిస్తారు. ఆ గోరింక నోరు కదలదు, మాట మాత్రం ఎక్కణ్ణించో వస్తుంది. వనభోజనాల ఎపిసోడు తోటలో తీశారు, గాలి హోరు తప్ప ఎవరేం మాట్లాడారో ఇప్పటికీ తెలీదు. అన్నిటికంటే ఘోరం, పేరయ్యశాస్త్రి తమ్ముడట, బాపట్ల నుంచి వచ్చాడు, అదే కళ్ళజోడు, అదే సంచీ, గేటు దాకా వెళ్ళి ఆగి, పాపం ఆయనా ముక్కు ఎగబీల్చాడు. ముక్కు ఎగబీల్చడం కూడా ఒక విద్యేనని నాకు అప్పుడే తెలిసింది. చాప మీద పిల్లలు ఒక్కొక్కళ్ళే రావడం మానేశారు. మాకు మాత్రం మానే వీల్లేదు. మానేస్తే తాతయ్యకి అనుమానం వస్తుంది. అందుకని అమ్మ, బామ్మ, కాపలాకని ప్రతి గురువారం పెందలాడే వచ్చేస్తున్న నాన్న, నేను వరసగా కూర్చుని, నవ్వాల్సిన చోటు వస్తే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని నవ్వేవాళ్ళం. నాకు కాళ్ళు పీకేవి, వీపు దురద పెట్టేది, లేచి పరిగెత్తాలనిపించేది.

ఎపిసోడు అయిపోగానే తాతయ్య ప్రతివారం ఒకే మాట అడిగేవాడు. "ఏరా, వచ్చే వారమన్నా వస్తాడంటావా కాశీ నుంచి?" అమ్మనీ కాదు, బామ్మనీ కాదు, సూటిగా నాన్ననే అడిగేవాడు. నాన్న తడబడి, "రైళ్ళు ఆలస్యమేమో నాన్నగారూ" అనో, "కాశీ వెళ్ళినవాళ్ళు గయ కూడా చూసుకుని వస్తారుగా" అనో ఏదో ఒకటి అల్లేవాడు. గయ మాట వచ్చేసరికి తాతయ్య తను గయ వెళ్ళినప్పటి సంగతి ఎత్తుకునేవాడు. రైల్లో చెంబు పోగొట్టుకోవడం, అక్కడ ఎముకలు కొరికే చలి, ఇసుక తవ్వితే నీళ్ళూరిన ఏరు. నాన్న లేచి వెళ్ళిపోతే అనుమానం వస్తుందని కూర్చునేవాడు. మొదట్లో అలా కూర్చున్నవాడు, తర్వాత్తర్వాత తనే ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు.

ఒకసారి పెనుగొలను నుంచి ఒక రైతు మామిడిపళ్ళ బుట్టతో వచ్చాడు. వాళ్ళింట్లో పెళ్ళిళ్ళన్నీ తాతయ్యే చేయించాడు. నేను జామచెట్టెక్కి ఉండి, దిగి పరిగెత్తేలోపే ఆయన లోపలికి వెళ్ళిపోయి, "అన్నట్టు పంతులుగారూ, ఆ సీరియల్లో ముసలాయన..." అని మొదలుపెట్టాడు. తాతయ్యే గబుక్కున అడ్డుపడి, "కాశీ వెళ్ళాడుగదయ్యా, నువ్వు చూట్టంలేదా ఏంటి?" అన్నాడు. ఆ రైతు తెల్లబోయి తాతయ్య వంక చూసి, నా వంక చూసి, "ఆ, అదేనండి" అని కూర్చున్నాడు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

మహాలయ అమావాస్య వచ్చింది. ఆ రోజు పోయిన పెద్దలందరికీ పేరూ గోత్రమూ చెప్పి నువ్వులతో నీళ్ళు వదలాలి. తాతయ్య పెరట్లో పీట మీద దక్షిణానికి తిరిగి కూర్చున్నాడు. వంటింట్లో అమ్మా బామ్మా గారెలు వేస్తున్నారు, నాన్న ఆఫీసుకి పోయాడు, చెంబుతో నీళ్ళు అందిస్తూ నేనొక్కదాన్నే పక్కనున్నాను. ఏటా వినే పేర్లే, ఎక్కాల్లాగా నాకూ నోటికి వచ్చు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి వైపువాళ్ళు, తర్వాత గురువు, చివరికి స్నేహితులు. ఆ చివర ఒక కొత్త పేరు వినపడింది. "కాశ్యప గోత్రం, పేరయ్యశాస్త్రి శర్మాణం..." గోత్రం తెలియని వాళ్ళకి కాశ్యప గోత్రం చెప్తారు. బొటనవేలి పక్కనుంచి నల్ల నువ్వులు నీళ్ళతో పాటు పళ్ళెంలోకి జారాయి. టీవీలో వేషానికి తర్పణం ఇచ్చిన పురోహితుడు భూమ్మీద ఇంకొకరు ఉండరనుకుంటాను.

"తెలుసా నీకు?" అన్నాను.

"మీరు పేపరు దాచారు గానీ, నా తలగడ కింద రేడియో ఉందన్న సంగతి మరిచిపోయారు" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు ఆ మధ్యాహ్నపు స్నానం. అయినవాళ్ళు పోయారని వింటే చేసే స్నానం అది.

"మరి తెలిసీ ప్రతివారం ఎందుకడుగుతావు తాతయ్యా?"

ఆయన పళ్ళెంలో నీళ్ళు మొక్క మొదట్లో పోసి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "మీ నాన్న నా పక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందే? నేను అడగడం మానేస్తే లేచి వెళ్ళిపోతాడు. నువ్వు మాత్రం చెప్పకు."

నేను చెప్పలేదు. ఆ తర్వాతి గురువారాలు నాకు మరీ కష్టంగా గడిచాయి. ఒక పక్క నాన్న తాతయ్య కోసం నవ్వుతున్నాడు, ఇంకో పక్క తాతయ్య నాన్న కోసం నవ్వుతున్నాడు, మధ్యలో నేను ఎవరి కోసమో కూడా తెలియకుండా ఇద్దరికంటే గట్టిగా నవ్వుతున్నాను. ఎక్కడ నోరు జారతానోనని నోటి నిండా శెనక్కాయలు కుక్కుకునేదాన్ని. సీరియల్ ఇంకా ఇంకా పాడైపోతోంది. అది ఆగిపోతే ఏమవుతుందోనని, ఇంత చెత్త సీరియల్ ఆగకూడదని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆగిపోయింది. దీపావళి దగ్గర పడుతుండగా, ముందూ వెనకా లేకుండా, ఇంతటితో సమాప్తం అని వేసేశారు. కాశీ నుంచి ఎవరూ రాలేదు. ఆ రాత్రి తాతయ్య ఏమీ అడగలేదు. ఆయనకి అడగడానికి ఏమీ మిగల్లేదు. నాన్న కాసేపు కూర్చుని, చొక్కా తగిలించుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. తాతయ్య ఊపుతున్న కాళ్ళు ఆపేశాడు. ఆయన కాళ్ళు అలా కదలకుండా ఉండడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ గురువారం పొద్దుగూకేవేళ గేటు చప్పుడైంది. నాన్న. కాళ్ళు కడుక్కుని, తిన్నగా వచ్చి తాతయ్య పక్కన తన చోట్లో కూర్చున్నాడు. ఏం పెట్టాలో ఎవరికీ తెలీదు. టీవీలో అప్పుడు వ్యవసాయ కార్యక్రమం వస్తోంది. పత్తికి కాయతొలుచు పురుగు పడితే ఏ మందు కొట్టాలో ఒకాయన ఏకబిగిన చెబుతున్నాడు. మాకు సెంటు భూమి లేదు. అయినా తండ్రీ కొడుకులిద్దరూ ఆ పురుగుని శ్రద్ధగా చూశారు. కాసేపటికి తాతయ్య, "ఏరా, ఈ మందుకి చస్తుందంటావా అది?" అన్నాడు. "చావదు నాన్నగారూ, మా ఆఫీసుకొచ్చే రైతులు లబోదిబోమంటున్నారు" అని నాన్న మొదలుపెట్టాడు. అన్నాలకి లేవమని అమ్మ ఎంత పిలిచినా ఇద్దరూ కదల్లేదు.

తాతయ్య ఆ తర్వాత కొన్నేళ్ళున్నాడు. ఇప్పుడు ఆయనా లేడు, బామ్మా లేదు, ఆ ముందుగదిలో ఎవరో మందుల షాపు పెట్టారు. మా ఇంట్లో ఇప్పుడు మనిషికో ఫోను, మనిషికో చెవుల తీగ. బాగున్నదేదో ఎవరికి వాళ్ళం ఏరుకుని చూసుకుంటాం, బాగోకపోతే వేలితో నెట్టేస్తాం. పక్కవాళ్ళ కోసం బాగోలేనిదాన్ని చివరిదాకా చూసే అవసరం ఎవరికీ పడడం లేదు.

ఆ రోజు బస్టాండులో ఎదురుగా తిరువూరు బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను బాపట్ల తమ్ముడి ఎపిసోడు పెట్టుకున్నాను. వేలు ముందుకి నెట్టమని పోరుతున్నా నెట్టకుండా, మొదటి పాట నుంచి చివరి పేర్ల దాకా మొత్తం చూశాను. ఒక్కచోటా నవ్వు రాలేదు. నేను నవ్వుతున్నానో లేదోనని ఓరకంట చూసేవాళ్ళు పక్కన లేరు మరి.